బుద్ధి జన్మసిద్ధమా?

బుద్ధి తల్లిదండ్రులవలన సంక్రమించునా, లేక విద్యచేతను పోషణచేతను గలుగునా యనునది చిరకాలపు ప్రశ్నము. ప్రతిభ వంశానుగతమని 1869వ సంవత్సరమున ఇంగ్లండునందు ఫ్రాన్సిస్ గాల్టను గ్రంథము వ్రాసెను. ఆయన చెప్పినదంతయు నసత్యము కాదు. ఒకే యండమునుండి పుట్టిన కవలలు వేఱువేఱు గృహములఁ బెరిగినను, బుద్ధిపరీక్షలలో నొకరినొకరు మిక్కిలి పోలియుందురు. బుద్ధిభేదములతో సంబంధముగల జన్యుస్థానములు వందలకొలఁది కనుఁగొనఁబడినవి. ఒక్కొక్కదాని ప్రభావము మాత్ర మత్యల్పము. సత్యాన్వేషులు దీని నంగీకరింపవలయును.

అయితే, జన్మతో వచ్చినది మార్పరానిదని దీనివలన సిద్ధించునా? ఫినైల్‌కీటోనూరియా యను వ్యాధిని 1934లో నార్వేదేశపు వైద్యుఁడు ఆస్‌బ్యోర్న్ ఫోలింగు కనిపెట్టెను. దోషముగల జన్యువు తల్లినుండి యొకటియు, తండ్రినుండి యొకటియు సంక్రమించిన బిడ్డకే యిది కలుగును. ఆహారపు మాంసకృత్తులయందుండు ఫినైల్ ఎలనిన్ అను పదార్థము రక్తమునఁ బేరుకొని మెదడును జెఱచును. చికిత్స లేనిచో బుద్ధి మిక్కిలి మందగించును. ఇంతకంటె స్పష్టమైన జన్మకారణము నెవరు చూపఁగలరు? అయినను, పుట్టిన కొలఁదిదినములలోనే మడమనుండి తీసిన రక్తపుబొట్టుచే దానిని గుర్తించి, ఆ పదార్థము మితముగానుండు నాహారమిచ్చుచు వచ్చినచో, ఆ బిడ్డ చాలవఱకు నితరులవలెనే చదువుకొని పెరుగును. జన్యువు పుట్టినప్పుడున్నట్లే యున్నది. ఆహారము మాత్రమే మాఱినది.

ఈ వివేకము లేనిచో నెట్టి యన్యాయము జరుగునో అమెరికాదేశపు వృత్తాంతమొకటి తెలుపుచున్నది. వర్జీనియా రాష్ట్రమున కారీ బక్ అను యువతిని, ఆమె తల్లిని, ఆమె పసిబిడ్డను మువ్వురను వంశపారంపర్యముగా మందబుద్ధులని యెంచి, ఆ యువతికి మఱల సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుటకు 1927లో సుప్రీముకోర్టు అనుమతించెను. 1924లో సాక్ష్యము విచారించునాఁటికి ఆ శిశువునకు ఏఁడాదియైన నిండలేదు. ఆ బాలికయే పిమ్మట బడికిఁ బోయి, 1931లో మంచి విద్యార్థుల పట్టికలోఁ బేరు పొందెను, మఱుసటియేఁట మరణించెను.

చదువరులారా, బుద్ధిభేదములలో జన్మభాగమెంత యను ప్రశ్నమునకు శాస్త్రజ్ఞులు ప్రత్యుత్తరమీయవచ్చును. ఈ బిడ్డకు మనము చేయవలసినదేమి యను ప్రశ్నమునకు దానిలో నుత్తరము దొరకదు. కులమును వంశమును జూచి, పలకయైన నీయకమునుపే శిశువు బుద్ధిని నిర్ణయించువారు తాము పరీక్షింపనిదానిని దెలిసినట్లు పలుకుచున్నారు. బుద్ధి కొంత జన్మసిద్ధమని యొప్పుకొన్నంతమాత్రమున మన ధర్మము తగ్గదు. తక్కువతోఁ బుట్టినవానికి ఎక్కువ యీయవలసియుండుటచే నది పెరుగును.