సంసార హాస్యం: నష్టం ఎవరి ఖాతాలో?

భార్యాభర్తల పొరపాట్లను చూసి నవ్వడం నిర్దోషమైన పనేనా? ప్రశ్న అల్పమైనదిగా కనిపించవచ్చు. భూమి, కూలి, ఆకలి వంటి సమస్యల నడుమ హాస్యానికి చోటెక్కడిదని మన విమర్శకులలో కొందరు దానిని తీసివేశారు కూడా. కాని జనం దేనికి నవ్వుతారో పట్టించుకోని విమర్శ జనానికి దూరమవుతుంది. ఒక సమాజం దేనిని సహజమని ఒప్పుకున్నదో దాని ఏడుపులోకంటె దాని నవ్వులోనే తొందరగా బయటపడుతుంది.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు హాస్యరసం పాఠం చెబుతూ ఒకనాడు 'అమృతం' ధారావాహికను ఉదాహరణగా తీసుకున్నాను. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో వచ్చిన ఆ ధారావాహికను నేను బడిపిల్లవాడిగా చూశాను. నా విద్యార్థులు ఇప్పుడు ఫోనులో చూస్తున్నారు. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వారి భార్యలు సంజీవని, శాంత, 'అమృత విలాస్' అనే హోటలు, ఇంటి యజమాని అప్పాజీ. మగవాళ్లు ఏదో ఒక పథకం వేస్తారు, అది బెడిసికొడుతుంది, మనం నవ్వుతాం. తరగతి అంతా నవ్వుతూ ఉండగా ఒక విద్యార్థిని లేచి ఇలా అన్నది: "మా నాయన గూడ అసుంటోడే సార్. కాని మా ఇంట్ల తెల్లారితె అప్పు మాయం గాదు."

ఆ మాటకు ఆనాడు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నమే.

హాస్యాన్ని గురించి మన ప్రాచీనులు ఆలోచించకపోలేదు. వికృతమైన వేషం, చేష్ట, మాటల నుండి హాస్యం పుడుతుందని భరతుడు చెప్పాడు. నవ్వును స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తములకు, తరువాతి రెండింటిని మధ్యములకు, చివరి రెండింటిని అధములకు పంచిపెట్టాడు. ఈ రసం ఎక్కువగా స్త్రీలలోను, నీచ ప్రకృతులలోను కనబడుతుందని కూడా అన్నాడు. అంటే నవ్వులో అంతస్తు ఉన్నదని నాట్యశాస్త్రమే ఒప్పుకున్నది. ఎవరు ఎలా నవ్వుతారో అది చెప్పింది. ఆ నవ్వుకు కారణమైన నష్టాన్ని ఎవరు భరిస్తారో అడగలేదు.

ఈ ప్రశ్నతో సంసార హాస్యాన్ని పరిశీలిద్దాం. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలలో భార్య చతురురాలు. మాటకు మాట అప్పగించి తరచుగా ఆమే గెలుస్తుంది. ఆడదానికి మాట్లాడే నోరున్నదని ఒప్పుకున్న ఆ హాస్యం తన కాలానికి చిన్న మేలు చేయలేదు. అయినా కథ చెప్పేవాడు భర్తే. ఆమె గెలుపు కూడా అతని మురిపెంగానే మనకు అందుతుంది.

అమెరికాలో 1951 నుండి 1957 వరకు సీబీఎస్ ప్రసారం చేసిన 'ఐ లవ్ లూసీ' ఇంకొక ఉదాహరణ. భర్త రికీ క్లబ్బులో వాద్యబృందం నడుపుతాడు. లూసీకి రంగస్థలం ఎక్కాలని కోరిక. భర్త వద్దంటాడు. ఆమె దొంగచాటుగా ప్రయత్నించి అభాసుపాలై తిరిగి వంటింటికి చేరుతుంది. ఇక్కడ ప్రమాదం పేరు స్త్రీ కోరిక. నటి నిజంగా గర్భవతి అయినప్పుడు ఆ విషయాన్ని కథలో చేర్చారు గాని, 'గర్భిణి' అన్న మాట మాత్రం తెరపై పలకనివ్వలేదు. జీవితం వేరుగా నడిచింది. లూసీ పాత్ర వేసిన లూసిల్ బాల్, రికీగా నటించిన తన నిజ భర్త డెసీ ఆర్నాజ్ నుండి 1960లో విడాకులు పొంది, 1962లో అతని వాటాను కొని, ఇద్దరూ కలిసి స్థాపించిన డెసిలూ సంస్థకు తానే అధిపతి అయింది. తెరమీద గడప దాటనివ్వని స్త్రీని ఆడిన నటి తెర వెనుక యజమానిగా నిలిచింది. నవ్వించిన కథ అబద్ధమాడుతున్నదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

'అమృతం'లో పరిస్థితి తారుమారైంది. ఇక్కడ కలలు కనేది మగవాళ్లు, వివేకం ఆడవాళ్లది. ఇది ముందడుగే. కాని ఒక తేడాను గమనించాలి. లూసీ కోరినందుకు శిక్ష పొందింది. అమృతం చెడగొట్టినందుకు క్షమ పొందుతాడు. సంజీవనికి తెలివి ఉన్నదిగాని, ఆ తెలివి నిర్ణయం కాదు. జరిగిపోయినదానిపై వ్యాఖ్యానం మాత్రమే. మరుసటి వారానికి అన్నీ యథాస్థానంలో ఉంటాయి. అమృతం పాత్రను ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు నటులు ధరించినా ఆ సంసారం మారలేదు.

దీనిని మనం క్షమ అనుకుంటున్నాం. అది క్షమ కాదు, మరపు. క్షమించేవారు నష్టాన్ని లెక్కగట్టి, తెలిసి వదులుకుంటారు. మరిచేవారికి లెక్కే ఉండదు. సంసార హాస్యంలోని ముఖ్యమైన నైతిక లోపం ఇదే. అది స్త్రీని అవమానించడం మానేసిన తరువాత కూడా ఆమె భరించిన నష్టాన్ని ప్రతివారం చెరిపివేస్తూనే ఉంటుంది.

పాలమూరులో లెక్క చెరగదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునే చెయ్యి చాలాసార్లు భర్తది. దాన్ని తీర్చడానికి హైదరాబాదుకో, పుణేకో పోయి సిమెంటు తట్ట మోసే తల మాత్రం ఇద్దరిదీ. ఒక పథకం బెడిసికొడితే మళ్లీ వలస, పిల్లల చదువుకు మళ్లీ గండి. అప్పు నవ్వులాటగా మిగలాలంటే దాని కింద ఏదో ఒక మెత్త ఉండాలి. ఒక హోటలు, ఒక ఇల్లు, బాకీకి గడువిచ్చే ఒక అప్పాజీ ఉండాలి. ఆ మెత్త లేనివారికి అదే సంఘటన విషాదం.

అయితే నవ్వును నిషేధించాలా? కూడదు. మొగుడి గొప్పను నమ్మని భార్యను చూసి నవ్వే జనంలో ఆ గొప్పపట్ల భయం కొంతైనా సడలుతుంది. అది వదులుకోదగిన లాభం కాదు. మనం చేయవలసింది నవ్వుకు ఒక ప్రశ్నను జతచేయడం: ఈ పొరపాటుకు మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? మూల్యం చెల్లించినవారి కళ్లతో చెప్పిన సంసార హాస్యం మనకు ఇంకా రావలసి ఉంది. అది తక్కువ నవ్విస్తుందని నేను అనుకోను.

కొన్నాళ్ల తరువాత ఆ విద్యార్థినిని అడిగాను, మీ అమ్మ ఆ ధారావాహిక చూస్తుందా అని. "సూస్తది సార్. మస్తు నవ్వుతది. నవ్వి, నాయన దిక్కు సూస్తది."

ఆ చూపులో లెక్క ఉన్నది. దానిని మన సాహిత్యం చదవడం నేర్చుకోవాలి.