చప్పుడు లేకపోతే క్షేమమేనా?

2017 జనవరి 31 రాత్రి కోడ్ హోస్టింగ్ సంస్థ గిట్‌ల్యాబ్ ఇంజినీరొకరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఖాళీ చేయాల్సిన డైరెక్టరీని అసలు సర్వర్‌లో తుడిచేశారు. పొరపాటు తెలిసి ఒకటి రెండు క్షణాల్లోనే ఆపారు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ.

బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, రోజూ కాపీ చేరాల్సిన ఎస్3 బకెట్ ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, కాపీ తీసే పీజీ-డంప్ మాత్రం 9.2ది. వెర్షన్లు కుదరక అది ఫెయిలవుతూనే ఉంది, ఫెయిలైనట్టు మెయిళ్లూ పంపుతూనే ఉంది. వాటికి, మెయిలు పంపింది ఎవరో నిర్ధారించే డీమార్క్ ధ్రువీకరణ లేక అవతలి సర్వర్ గుమ్మంలోనే తిప్పికొట్టింది. ఫిర్యాదు రావడం లేదు కాబట్టి అంతా సవ్యమే అనుకున్నారు.

ఈ చిక్కు కంప్యూటర్లకంటే చాలా పాతది. కనబడకపోవడం, లేదనడానికి రుజువవుతుందా? ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు అవుతుందన్నాడు. ప్రత్యక్షం, అనుమానాల సరసన దాన్ని విడి ప్రమాణంగా, అంటే జ్ఞానం కలిగించే సాధనంగా, నిలబెట్టాడు. అనుపలబ్ధి అంటారు దాన్ని. నేలమీద కుండ కనబడలేదు, కాబట్టి లేదు. న్యాయ దర్శనం వారు, అంటే నైయాయికులు, విడి ప్రమాణం అక్కర్లేదు, లేమిని కన్నే పట్టుకుంటుందన్నారు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలోనూ ఈ చర్చ ఉంది. ఒక షరతు దగ్గర మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు: కుండ ఉండి ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కనబడలేదంటే ఏమీ తేలినట్టు కాదు.

గిట్‌ల్యాబ్ మెయిల్‌బాక్స్ ఆ చీకటి గదే. ఆ రాత్రే మరో మౌనమూ దారి తప్పించింది. రెండో సర్వర్‌కు నకలు తెచ్చే పీజీ-బేస్‌బ్యాకప్ కమాండు అసలు సర్వర్ నుంచి డేటా రావడం మొదలయ్యేదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. అది పనిచేయడం లేదనుకునే డైరెక్టరీ తుడవబోయారు. ఒక మౌనాన్ని క్షేమమనుకున్నారు, ఇంకో మౌనాన్ని ఆపదనుకున్నారు, రెండూ తప్పే. చివరికి ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ తర్వాత చేరిన డేటా పోయింది: దెబ్బ తగిలింది సుమారు 5,000 ప్రాజెక్టులకు, 5,000 వ్యాఖ్యలకు, 700 మంది యూజర్లకు. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించిన గుండెనిబ్బరాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

అదే ఏడాది అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌ది ఇంకా ముదురు కేసు. హ్యాకర్లు మే నెలలో అపాచీ స్ట్రట్స్ లోపం గుండా దూరారు. దాని ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. లోపల ఎన్‌క్రిప్ట్ చేయని పాస్‌వర్డ్‌లు దొరికాయి. వాటితో తాము దూరిన పోర్టల్‌కు సంబంధమే లేని డేటాబేసుల్లోకీ వెళ్లి సుమారు 9,000 క్వెరీలు నడిపారు. ట్రాఫిక్‌ను తనిఖీ చేసే పరికరం లేకపోలేదు. దాని సర్టిఫికెట్ గడువు తీరి నెలలు గడిచాయి, ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్ దాని కంటపడదు. ఇలా 76 రోజులు! జూలై 29న సర్టిఫికెట్ మార్చీ మార్చగానే దొంగ రాకపోకలు బయటపడ్డాయి. ఆలోపు 14 కోట్ల పైచిలుకు మంది వివరాలు పోయాయి.

కాబట్టి డేటాబేస్ నిర్వాహకుడు (డీబీఏ) మొదట చేయాల్సింది దీపం వెలుగుతోందో లేదో చూసుకోవడం. టెస్ట్ సర్వర్‌లో ఒక బ్యాకప్ జాబ్‌ను కావాలనే చెడగొట్టి ఫోను మోగుతుందేమో చూడాలి. ఫెయిలైతే చెప్పమనడం కన్నా, పని పూర్తయిందని ప్రతి రాత్రీ ఫైలు సైజుతో సహా చెప్పమనడం మేలు. ఆ కబురు రాకపోతే అదే హెచ్చరిక. అప్లికేషన్ ఖాతాకు తన టేబుళ్లే అందుతాయని కాగితం మీద ఉంటే చాలదు, అదే ఖాతాతో లాగినై జీతాల టేబుల్ తెరవబోవాలి. తెరుచుకోకూడదు, తెరవబోయినట్టు లాగ్‌లోనూ పడాలి.

తార్కికుడు ఇక్కడా ఊరుకోడు. అలారానికి కాపలా ఎవరు, ఆ కాపలాకు కాపలా ఎవరు? ఇలా అంతు లేకుండా పోవడమే అనవస్థా దోషం. కుమారిలుడైతే, జ్ఞానం స్వతఃప్రమాణం, అంటే తనంత తానే నమ్మదగ్గది, దాన్ని తప్పని తేల్చే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చంటాడు. నైయాయికులు ఒప్పుకోరు, అది నీళ్లో ఎండమావో వెళ్లి తాగితేనే తేలుతుందంటారు. బ్యాకప్ విషయంలో కుమారిలుణ్ని నమ్ముకుంటే బాధకం ఎదురయ్యేది సరిగ్గా డేటా పోయిన రాత్రే. ఇక్కడ నైయాయికుల పక్షమే నయం: నెలకోసారైనా ఖాళీ సర్వర్‌లో రీస్టోర్ చేసి, నిన్న చివరగా చేరిన రికార్డు అందులో ఉందా, మొత్తం పనికి ఎంతసేపు పట్టింది అన్నది రాసి పెట్టుకోవాలి. గిట్‌ల్యాబ్‌కు ఆ స్నాప్‌షాట్‌ను నెమ్మది డిస్కుల మీంచి తెచ్చుకోవడానికే దాదాపు 18 గంటలు పట్టింది.