లెక్కకు రాని చాకిరి

డాలరును రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు మనలో చాలామందిని ఇంకా వదలలేదు. ఆ లెక్కతో ఇక్కడి సంసారాన్ని అక్కడి సంసారంతో పోల్చడం ఎంతవరకు న్యాయమన్నది మా సందేహం.

భారత ప్రభుత్వపు గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో పల్లెల్లో మనిషికి నెలకు సగటున 4,122 రూపాయలు ఖర్చయింది. అందులో 47 శాతం తిండికే. ఆస్ట్రేలియా గణాంక సంస్థ 2015-16 సర్వేలో కుటుంబానికి వారానికి సగటు ఖర్చు 1,425 డాలర్లు. తిండి వాటా ఆరో వంతు. ఒకటి మనిషి లెక్క, రెండోది ఇంటి లెక్క, సంవత్సరాలూ వేరు. కనుక మొత్తాలను పక్కన పెట్టి వాటాలనే చూద్దాము. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. ఆ కొలతలో మనం కలిగినవారమే.

అయితే ఖర్చంతా సుఖం కాదు. క్లైడ్ నార్త్‌లో రైల్వే స్టేషను లేదు. బెర్విక్‌కో క్రాన్‌బోర్న్‌కో పోవాలి. దంపతులిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట రెండో కారు భోగమని ఎవరనగలరు?

ఇంతకంటె లోతైన చిక్కు వేరే ఉంది. భారతీయ సర్వే పెరటి కూరగాయలకూ సొంత పాడికీ వెలకట్టి లెక్కలో చేరుస్తుంది. మనవణ్ణి చంకనెత్తుకున్న అమ్మమ్మ శ్రమ మాత్రం ఖర్చుల పట్టికలో ఎక్కడా కనబడదు. అదే బిడ్డను చైల్డ్‌కేర్‌లో విడిస్తే ఇంటి ఖర్చు పెరుగుతుంది. ఆమె ఊరి నుంచి వచ్చి ఆ పని అందుకోగానే తగ్గుతుంది. పని తగ్గిందా?

సందర్శక వీసా మీద వచ్చిన పెద్దలను మన వీధుల్లో రోజూ చూస్తున్నాము. పిల్లలను చూసిపోవడానికి వచ్చారంటాము. పొద్దున్నే పోపు పెట్టేదీ, సాయంత్రం బడి నుంచి పిల్లను నడిపించుకొచ్చేదీ వారే. విమానం టిక్కెట్టు, బీమా, మందులు అంటూ మనం పద్దు చెప్పగలము. వారు ఏ పద్దూ చెప్పరు. అడిగితే, మా పిల్లలకు మేము చేసుకోమా అంటారు. అది ప్రేమే. కాని ప్రేమతో చేసినది గనుక దానికి బదులక్కరలేదని తీర్మానించే హక్కు చేయించుకున్నవారికి ఎక్కడిది? జీతమిమ్మని మేము అనడం లేదు, ఇస్తే నొచ్చుకుంటారు. తమ ఈడు మనిషితో ఒక పూట మాట, ఎవరినీ అడగకుండా బయటకు వెళ్ళివచ్చే వీలు, ఎన్నాళ్ళుండాలో తామే చెప్పుకోగల చనువు: వీటిని అడిగి తెలుసుకునే ఇళ్ళు మాకు తక్కువగానే కనబడ్డాయి. తిరుగు ప్రయాణపు తేదీని ఎక్కువ ఇళ్ళలో పిల్లల బడి సెలవులే నిర్ణయిస్తున్నాయి.