సాంగత్యమునకు సాక్ష్యము

ఇద్దరు మనుష్యులు జీవితాంతము కలసియుండ నిశ్చయించుకొన్నప్పుడు రాజ్యము చేయవలసినది ఏమి? ఆశీర్వదించుటయా, సాక్ష్యము పలుకుటయా? స్వలింగ జంటల విషయమున మన చర్చ చిక్కుపడుటకు ఈ భేదమును పాటింపకపోవుటయే కారణమని నా తలంపు.

వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధము నేరము కాదని సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 17న, హైదరాబాదునకు చెందిన ఒక జంటయు మరికొందరును వేసిన వ్యాజ్యములలో, వివాహమునకు గుర్తింపునిచ్చుటకు ఐదుగురు న్యాయమూర్తులును అంగీకరింపలేదు. వివాహమను పేరు లేకున్నను వారి సాంగత్యమును గుర్తించు బాధ్యత రాజ్యమునకు కలదని ఇద్దరును, అట్టిది చట్టసభల కార్యమని ముగ్గురును పలికిరి. ఇట్టి గుర్తింపునే సివిల్ యూనియన్ అందురు. ఈ విధమైన నమోదు పద్ధతిని డెన్మార్కు దేశము 1989లోనే ప్రవేశపెట్టినది.

నేరస్థుడు కాడనుట వేరు, బంధువనుట వేరు. ఇరువది యేండ్లు ఒకే యింట మెలగి, రోగశయ్య చెంత రాత్రులు గడపిన సహచరుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు వరుసలో ఎచ్చటను కానరాడు. ఎన్నడును గడప త్రొక్కని దాయాదికి మాత్రము అందు చోటు కలదు.

వీలునామా వ్రాసికొనరాదా యని కొందరందురు. వ్రాసికొనవచ్చును, కాని అది ఆస్తికి మాత్రమే. అధికారపత్రము ఇచ్చినవాని మరణముతోనే ముగియును. జీవిత బీమా నామినీ ఆ సొమ్మునకు యజమాని కాడని 1984లో న్యాయస్థానము చెప్పగా, 2015 నాటి సవరణ ఆ యాజమాన్యమును తల్లిదండ్రులకు, భార్యాభర్తలకు, సంతానమునకు ఒసగినది. ఈ సహచరునికి కాదు. 2024లో కేంద్రము భౌతికకాయమును స్వీకరించు వీలు కల్పించినది గాని, అదియును దగ్గరి బంధువులు లేనప్పుడే.

ఇట్టి సంబంధము మన ఆచారమునకు విరుద్ధమని పెద్దలు బాధపడుట సహజము. అయితే ప్రభుత్వపు నమోదు పుస్తకము ఏ పురోహితుని మంత్రము చదువుమనదు, ఏ కుటుంబమును పందిరి వేయుమనదు. సంతానమే వివాహ ప్రయోజనమందుమా, అరువదేండ్ల వయస్సున పెండ్లాడు స్త్రీపురుషులను చట్టము ఆ ప్రశ్న అడుగుట లేదు.

వేరొక విషయమును మనము విస్మరింపరాదు. నమోదును కోరువారు హక్కులనే కాదు, బాధ్యతలను కూడ కోరుచున్నారు. నేడు వారిలో ఒకరు రెండవవారిని నిరాధారముగ విడిచిపోయినను భరణమడుగుటకు దారి లేదు. కట్టుబడియుందుమని ముందునకు వచ్చినవారిని కట్టుబడవలదని త్రిప్పిపంపుట ఏ నీతికి సమ్మతమో విజ్ఞులు యోచింతురుగాక.