కాగితం మీద వెన్న

కన్నతల్లికి ఏడాదికి ఇంత వెన్న ఇస్తానని కొడుకు కాగితం రాసిచ్చాడంటే మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. "హవ్వ! తల్లికి తిండి పెట్టడానికి దస్తావేజు కూడానా?" అంటారు.

నార్వే పల్లెటూళ్ళలో ఇది తరతరాల ఆచారం. అక్కడ పొలాన్ని ముక్కలు చేసి పంచరు, మొత్తం ఒక్కరికే అప్పగిస్తారు. పూర్వం ఆ హక్కు పెద్దకొడుకుది. ఆడపిల్లయినా సరే, పెద్దబిడ్డకే అని 1974లో చట్టం మార్చారు. పొలం అప్పగించేటప్పుడు తల్లీ తండ్రీ 'కోర్' అనే ఒప్పందం రాయించుకునేవారు. అదే ఆవరణలో తమకో చిన్న ఇల్లు, ఏడాదికి ఇంత బార్లీ, ఇంత వెన్న, పొయ్యిలోకి కట్టెలు, చర్చికెళ్ళడానికి గుర్రబ్బండి, ఆఖరికి తమని గౌరవంగా సాగనంపే ఖర్చుతో సహా! మాటవరసకి కాదు, రిజిస్టరు చేయించి మరీ. వెన్న తగ్గిందనీ, ధాన్యం బాగాలేదనీ తగువులు పడ్డవాళ్ళూ లేకపోలేదు.

మా పెద్దమ్మ కూతురి అత్తగారు నార్వే ఆవిడ. డెబ్బై అయిదేళ్ళు దాటాయి. గుడ్‌బ్రాన్స్‌డాలెన్ లోయలో, 1950ల నాటి తన చిన్నతనం గురించి ఆవిడ చెబుతుంటే నాకు వినబుద్ధి పుట్టింది. వాళ్ళ నాయనమ్మ కొట్టుగది తాళంచెవి కోడలి చేతికిచ్చేసి, తాతయ్యతో సహా రెండు గదుల చిన్నింట్లోకి మారిపోయిందట.

ఇక ఆ చిన్నింటికి వచ్చేపోయేవాళ్ళకి అంతులేదు. చర్చిలో కలిసేవాళ్ళు, పక్కపొలం ముసలాయన, కొండ అవతలి చెల్లెలు. వచ్చినవాళ్ళు ఒకటికి రెండుసార్లు "అబ్బే, నాకేం వద్దు" అనాలి, నాయనమ్మ బలవంతం చెయ్యాలి. (ఈ ముచ్చట మనకొక్కళ్ళకే ఉందనుకుంటాం!) యుద్ధకాలంలో, జర్మన్లు దేశాన్ని ఆక్రమించిన 1940 నుంచి 1945 దాకా, కాఫీ కరువై బార్లీ గింజలు వేయించి కాచుకు తాగిన ప్రాణాలాయె. అసలు కాఫీ వాసన తగిలితే ముసలాయన ముఖం విప్పారేదట. పంచదార బిళ్ళ పళ్ళమధ్య పెట్టుకుని, కాఫీ సాసర్లో పోసుకుని చప్పరించేవాడట.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ కాఫీయే. అది ఎవరిది? నాయనమ్మది. ఒప్పందం ప్రకారం వచ్చిన కట్టెల మీద, తన పొయ్యి మీద, తన గిన్నెలో కాచినది. ఎంతమంది వచ్చినా, ఎంతసేపు కూర్చున్నా ఆవిడ పెద్దింటివైపు చూడనక్కర్లేదు.

మన ఇళ్ళలో అత్తగారి కోసం స్నేహితురాలు వస్తుంది. కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే. అయినా "అమ్మాయ్, కాస్త కాఫీ..." అనేటప్పుడు ఆవిడ గొంతు ఒక మెట్టు దిగుతుంది. అది కనిపెట్టి ఆ వచ్చినావిడ "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ పెట్టే చెయ్యి అడిగే చెయ్యి అయ్యాక, చుట్టాలూ స్నేహితులూ ఒక్కొక్కరే రావడం మానేస్తారు. పెద్దవాళ్ళకి కడుపునిండా పెట్టడం ఒకటి, మరొకరికి పెట్టగలిగే స్థితి వాళ్ళకి మిగల్చడం మరొకటి. మొదటిది ప్రేమ చూసుకుంటుంది. రెండోదానికి ప్రేమ ఒక్కటీ చాలుతుందా అని నా అనుమానం.

1967లో జాతీయ బీమా పథకం వచ్చాక ఆ దేశంలో వెన్న లెక్కలు అక్కర్లేకపోయాయి. పింఛను డబ్బుతో ఎవరి కాఫీ వాళ్ళు కొనుక్కుంటున్నారు. చిన్నిళ్ళు మాత్రం చాలా పొలాల్లో ఇంకా ఉన్నాయి.

మరి కోడలో? ఆవిడే మా అక్కయ్య అత్తగారి తల్లి. పెద్దింట్లో పాలపనీ వంటపనీ తెమిలాక, సాయంత్రాలు ఆవిడా చిన్నింటి తలుపు తట్టేదట. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, అందరిలాగే "నాకేం వద్దు" అనేదట. అత్తగారు బలవంతం చేసి కాఫీ పోసి ఇచ్చేదట. పగలంతా ఎవరో ఒకరికి వడ్డించే మనిషికి, వేరొకరు వడ్డిస్తే కూర్చుని తాగే చోటు అదొక్కటే. మర్నాడు పొద్దున్న పెరట్లో ఎదురుపడినప్పుడు, ఆ దేశపు మర్యాద ప్రకారం, "నిన్నటికి థాంక్స్" అని చెప్పి పాలబిందె ఎత్తుకుని వెళ్ళిపోయేదట.