క్లౌడ్‌కు లక్షణమేమిటి?

వర్చువలైజేషన్‌నూ క్లౌడ్‌నూ ఒకే సంగతిగా మాట్లాడటం ఐటీ ఆఫీసుల్లోనూ వింటాం. కింది సంవాదంలో ఇద్దరే ఉన్నారు: కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు సర్వర్లు చూసుకుంటున్న శిష్యురాలు. మనుషులు కల్పితం, వాళ్లు మాట్లాడుకున్న యంత్రాలు కావు.

మాస్టారు: మా మనవడు ఒక నిర్వచనం చెప్పాడమ్మా. ఒక కంప్యూటర్లో పది కంప్యూటర్లు నడిపితే అది క్లౌడట. నిలుస్తుందా?

శిష్యురాలు: నిలవదండీ. అది వర్చువలైజేషన్. ఐబీఎం 1960ల్లోనే చేసింది. సీపీ-40, దాని వెనకే సీపీ-67, ఒక్క మెయిన్‌ఫ్రేమ్‌ను ఒక్కొక్కరికీ సొంత యంత్రంలా చూపించేవి. 1972లో వీఎం/370 వచ్చింది. అప్పటికి క్లౌడ్ ఎక్కడిది?

మాస్టారు: అంటే లక్ష్యం కానిదానికీ లక్షణం అంటుకుంటోంది. అతివ్యాప్తి. సరే, ముందు ఆ పది యంత్రాల సంగతి తేల్చు. మిథ్యేనా?

శిష్యురాలు: లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు మాత్రం ప్రాసెసర్, మెమరీ, డిస్కు అన్నీ తనవే. అసలు అధికారం కింద ఉన్న హైపర్‌వైజర్‌ది. మామూలు ఆజ్ఞలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. యంత్రాన్నే అదుపు చేసే ఆజ్ఞ ఇస్తే ప్రాసెసర్ ఆగి హైపర్‌వైజర్‌ను పిలుస్తుంది. అది తన పద్ధతిలో పని చేసిపెట్టి మళ్లీ నడవనిస్తుంది. పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లో దీనికి షరతులు కూడా రాశారు.

మాస్టారు: కలలో వేసిన లెక్క మెలకువకు అక్కరకు రాదు. ఇక్కడ వచ్చిన జవాబు బయట చెల్లుతుంది. వ్యావహారిక సత్యం అందాం.

శిష్యురాలు: అనండి. మన పీసీల్లోని ఎక్స్86 ప్రాసెసర్లు మాత్రం ఆ షరతులకు లొంగలేదు. కొన్ని ఆజ్ఞలు హైపర్‌వైజర్‌కు తెలియకుండానే జారిపోయేవి. 1999లో వీఎంవేర్ అలాంటి ఆజ్ఞలను నడుస్తుండగానే తిరగరాసి గట్టెక్కింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ల జెన్ ఇంకో దారి పట్టింది. లోపలి సిస్టమ్‌నే కాస్త మార్చి, నువ్వున్నది అసలు యంత్రం మీద కాదు, కావలసింది నన్నే అడుగు అని ముందే చెప్పేసింది.

మాస్టారు: మాయలో ఉన్నానని తెలిసీ తన పని తాను చేసుకుపోతుందా? జీవన్ముక్తుడన్నమాట!

(ఈ పోలిక నాకు నచ్చింది గానీ, జెన్ రాసినవాళ్లకు కావలసింది మోక్షం కాదు, వేగం. ఆ తర్వాత 2005, 2006ల్లో ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లోనే ఏర్పాటు చేశాక లోపలి సిస్టమ్‌ను మార్చాల్సిన పని తప్పింది.)

మాస్టారు: మరి వర్చువల్ మెషీన్లు లేని క్లౌడ్ ఉందా?

శిష్యురాలు: ఉంది. బేర్ మెటల్ అని మొత్తం సర్వరునే, మధ్యలో హైపర్‌వైజర్ లేకుండా, అద్దెకిస్తారు. అడిగితే వస్తుంది, వదిలేస్తే బిల్లు ఆగుతుంది. క్లౌడే.

మాస్టారు: అయితే అవ్యాప్తి కూడా. మావాడి నిర్వచనం రెండు పక్కలా చెడింది. నీది చెప్పు.

శిష్యురాలు: నాది కాదు, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో చెప్పింది. ఎవరినీ బతిమాలకుండా కావలసింది మనమే తీసుకోవాలి. నెట్‌వర్క్ మీద అందాలి. వనరులు అందరికీ ఉమ్మడిగా ఉండాలి. అవసరాన్నిబట్టి చప్పున పెరగాలి, తరగాలి. వాడకానికి కొలత ఉండాలి. చూడండి, ఇవన్నీ ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పందాలే. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 మొదలైనప్పుడు అడుగున ఉన్నది ఆ జెనే. కొత్త సంగతల్లా, గంటకు 10 సెంట్లిచ్చి ఒక సర్వరు పుచ్చుకోవచ్చు, సేల్స్‌మన్‌తో పనిలేదు.

మాస్టారు: ఆ ఒప్పందం లేకుండా ఉత్త వర్చువలైజేషన్ ఎలా ఉంటుంది?

శిష్యురాలు: చాలా ఆఫీసుల్లో ఉన్నట్టే ఉంటుంది. సర్వర్లన్నీ వర్చువలే. కొత్తది కావాలంటే ఫారం నింపి, మేనేజరు సంతకం పెట్టించి, సర్వర్ టీమ్ కుర్రాడి చుట్టూ తిరగాలి. అవే యంత్రాల మీద ఓపెన్‌స్టాక్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, ఎవరికి వాళ్లు తీసుకునే వీలు, కొలత కల్పిస్తే ప్రైవేట్ క్లౌడ్ అవుతుంది. ఇనుము మారలేదు.

మాస్టారు: కుండకు కుమ్మరి సారె లాంటిది. సారె ఉన్నంతమాత్రాన కుండ రాదు, సారె లేకుండానూ కుండ చేసేవాళ్లున్నారు. నియతంగా ముందుండేదాన్నే కారణం అంటాం గనక, మీ వర్చువలైజేషన్ క్లౌడ్‌కు కారణం కూడా కాదు. మంచి పనిముట్టు, అంతే.

శిష్యురాలు: అంత తేలిగ్గా తీసేయకండి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ బయటపడ్డాయి. ప్రాసెసర్ వేగం కోసం ముందే ఊహించి చేసే పనుల వల్ల ఒకరి మెమరీ రహస్యాలు ఇంకొకరికి చిక్కే వీలుందని తేలింది. అది ప్రాసెసర్ లోపమే. ఆఫీసు సర్వరు మీద మన పక్కనున్నది మన అకౌంట్స్ సెక్షను. క్లౌడ్‌లో పక్కవాడెవడో తెలీదు. అందుకే క్లౌడ్ వాళ్లు అంత హడావిడి పడ్డారు. ఒప్పందం ఎంత గట్టిదైనా, గోడ బీటలిస్తే అపరిచితుల మధ్య నిలబడదు.

మాస్టారు: ఒప్పుకున్నా. ఇంకొక్కటి. అడిగినంతా వస్తుందన్నావు. ఎంతడిగినా వస్తుందా?

శిష్యురాలు: రాదు. నిస్ట్ కూడా వాడేవాడికి హద్దు లేనట్టు కనిపిస్తుందనే చెప్పింది. 2022 నవంబరులో అమెజాన్ మన హైదరాబాద్‌లో తెరిచిన రీజియన్ అయినా, లెక్కపెట్టగలిగినన్ని సర్వర్లే. అడిగిన రకం ఆ పూట ఖాళీ లేకపోతే చాలినంత లేదని ఎర్రర్ ఇస్తుంది.

మాస్టారు: అంటే ఇక్కడా ఒక భ్రమ ఉంది. వర్చువలైజేషన్‌లో భ్రమపడేది ఆపరేటింగ్ సిస్టమ్. ఇందులో?

శిష్యురాలు: బడ్జెట్ వేసే మేనేజరు.

మాస్టారు: జెన్ చేసినట్టు ఆయనకూ ముందే నిజం చెప్పెయ్యొచ్చుగా?

శిష్యురాలు: చెప్తామండీ. ఫలానా ఇన్ని మా కోసమే ఉంచమని రిజర్వు చేయించుకోవచ్చు. వాడినా వాడకపోయినా బిల్లు పడుతుంది.