కిటికీలోంచి పడ్డ మూట

మా దిక్కు పెళ్లిళ్లలో కట్నాలు రాసేకాడ ఉండే సందడి వంటలకాడ కూడా ఉండదు. పందిరి మూలన ఒకాయన నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చుంటాడు. పక్కన మైకు. ఫలానా ఊరు, ఫలానావారు, నూటపదహార్లు అని చదవగానే ఇచ్చినాయన ఒకసారి అటూ ఇటూ చూస్తాడు, విన్నారా లేదా అని. తప్పనను. రేపు తిరిగి పెట్టాల్సిన లెక్క కదా అది. కానీ డిసెంబరు వస్తే నాకు ఆ మైకే యాదికొస్తుంది. క్రిస్మస్ తాత కథ మొదలైంది కూడా కట్నం కాడనే మరి.

నాలుగో శతాబ్దంలో మైరా పట్నానికి నికొలస్ బిషప్. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలట. కట్నాలకు దారిలేక పిల్లల్ని అమ్ముకునే గతి పట్టింది. నికొలస్ రాత్రిపూట పోయి, కిటికీలోంచి బంగారం మూట లోపలికి విసిరి వచ్చేశాడు. పెద్దపిల్ల పెళ్లయింది. రెండోదానికీ అంతే. మూడోసారి తండ్రి నిద్ర మానుకుని కాపుకాసి, వెంటపడి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నికొలస్ మాట తీసుకున్నాడంటారు. ఆ తండ్రి మాట నిలబెట్టుకుని ఉంటే కథ మనదాకా వచ్చేదే కాదు!

ఈ గుప్తదాత పండుగ డిసెంబరు 6. హాలండ్‌వాళ్ల నోట్లో సింటర్‌క్లాస్ అయ్యాడు, అమెరికా చేరి శాంటాక్లాజ్ అయ్యాడు. 1863 నుంచి చిత్రకారుడు థామస్ నాస్ట్ గీసిన బొమ్మలు, 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆయన రూపాన్ని ఇంటింటికీ చేర్చాయి. చీకట్లో వచ్చిపోయినాయనను ఇప్పుడు చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు.

ఇక మా దిక్కుకొచ్చిన మిషనరీల సంగతి. 1889లో రష్యా నుంచి మన దేశానికొచ్చి నల్లగొండలో సేవచేసిన ఫ్రీసెన్ దంపతులు మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. తర్వాత పాలమూరులో స్థిరపడ్డ అమెరికా మిషన్ కూడా ఆ శాఖదే. వాళ్ల మూలపురుషులు హాలండ్‌వాళ్లే అయినా, నికొలస్ లాంటి పునీతులను కొలిచే అలవాటు వాళ్లకు లేదు. ఇవాళ మాత్రం మా వాడల్లో క్యారల్స్ జట్టు ముందు తాత ఎగరాల్సిందే.

ప్లాస్టిక్ మాస్కు, దూది గడ్డం, ఎర్ర లుంగీబట్టతో కుట్టించిన కోటు, కింద హవాయి చెప్పులు. చాక్లెట్లు పంచేది ఎవరో పిల్లలకు తెలియదు, జట్టువాళ్లు చెప్పరు. మైరా చీకటి ఇంకా ఎక్కడన్నా మిగిలి ఉందంటే ఆ మాస్కు వెనకనే అనిపిస్తుంది నాకు. ఒక ఏడు మా వాకిట్లో ఎగిరి ఎగిరి అలసిపోయిన తాతకు చెంబుతో నీళ్లిచ్చాం. మాస్కు పైకి లేపబోయి, పిల్లలు చూస్తున్నారని ఆగి, గోడవైపు తిరిగి తాగాడు.